ఫకీర్ సాబ్ కోసిన అగ్నిపర్వతం

సికింద్రాబాద్ కార్ఖానాలో మెయిన్ రోడ్డు నుంచి రెండు మలుపులు లోపలికి పోతే కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ఒకటుంటుంది. దాని మీద మొదటి అంతస్తులో ఫకీర్ అహ్మద్ కాపురం. ఆయన ఇంట్లో ఉన్నాడో లేడో మెట్లెక్కకుండానే తెలుస్తుంది. ఉంటే రాయి అరుగుతున్న గరగర వినిపిస్తుంది. ఆ గరగర మధ్యలో ఆగిందంటే ఆయన ఎవరినో తిడుతున్నట్టు.

ఆయన చేసే పనేమిటో చెబితే ఓ పట్టాన ఎవరికీ అర్థం కాదు. పెళ్ళిచూపులనాడు "అబ్బాయి రాళ్ళు కోస్తడు" అంటే, ఆయన భార్య బానో వాళ్ళ నాన్న బండలు పరిచే మేస్త్రీ అనుకుని, మా వరండాకు ఎన్ని బండలు పడతాయని అడిగాడట. అసలు సంగతి వేరు. భూగర్భ శాస్త్రవేత్తలు కొండల్లోంచీ గుట్టల్లోంచీ తెచ్చిన రాయిని వజ్రపు పొడి అద్దిన రంపం మీద బిళ్ళగా కోయాలి. ఒక ముఖం నునుపు చేసి గాజుపలకకు అంటించాలి. తర్వాత రెండో వైపు నుంచి అరగదీస్తూ పోవాలి, రాయిలోంచి వెలుతురు కనబడేదాకా. వెంట్రుక మందంలో సగం మిగిలితే సరిపోయినట్టు. ఇంకొక్క చుట్టు తిప్పితే గాజు మిగులుతుంది, రాయి ఉండదు. అట్లా పలచబడ్డ రాయిని మైక్రోస్కోపు కింద పెడితే, నల్లగా మొద్దులా ఉన్నది కాస్తా నీలం, గులాబీ, పసుపు పలకలుగా విడిపోయి, తాను ఏ వేడిలో పుట్టిందో ఎంత తొందరగా చల్లారిందో చెప్పుకుంటుంది.

ఫకీర్ నాన్న రసూల్ సాబ్ సికింద్రాబాద్ గల్లీల్లో అరిగిన తిరగళ్ళకూ రోళ్ళకూ ఉలితో గంట్లు పెట్టి కక్కు కొట్టేవాడు. మిక్సీలు వచ్చి ఆ పని పోయింది. రాయి మీద చెయ్యి ఎట్లా ఆడించాలో మాత్రం కొడుక్కి పట్టుబడింది. ఇరవై నాలుగేళ్ళ వయసులో, ఎనభై ఏడులో, ఫకీర్ ఒక భూగర్భ సర్వే ఆఫీసు లాబొరేటరీలో రాళ్ళు కోసే పనికి చేరాడు. అక్కడ సుబ్బరాజు గారని భీమవరం వైపు నుంచి వచ్చిన ఆఫీసరు ఒకాయన ఉండేవాడు. ఫకీర్ కోసిచ్చిన పలకలు తీసుకుని వెళ్ళిపోవడం మిగతా ఆఫీసర్ల పద్ధతి. సుబ్బరాజు గారు మాత్రం కుర్చీ జరిపి, "ఇట్లా కూర్చో ఫకీరూ. నువ్వు కోసేదేంటో నీకు తెలియొద్దూ?" అని మైక్రోస్కోపు చూపించాడు. రోజుకొక రాయి చొప్పున నాలుగేళ్ళు చూపించాడు.

తొంభై ఒకటిలో బ్యారెన్ దీవి రాళ్ళు వచ్చాయి. పోర్ట్ బ్లెయిర్‌కు నూట నలభై కిలోమీటర్ల దూరంలో, అండమాన్ సముద్రం మధ్య ఒంటరిగా నిలబడ్డ కొండ అది. మనుషులెవరూ ఉండరు. నూట యాభై ఏళ్ళకు పైగా కళ్ళు మూసుకుని ఉన్న అగ్నిపర్వతం ఆ ఏడాది లేచి లావా కక్కితే, దాన్ని చూసొచ్చిన ఆఫీసర్లు గోనెసంచీలో రాళ్ళు తెచ్చి ఫకీర్ ముందు కుమ్మరించారు. నిన్నమొన్న పుట్టిన రాయిని కోయడం ఆయనకు అదే మొదలు. అప్పటిదాకా ఆయన కోసినవన్నీ కోట్ల ఏళ్ళ వృద్ధులు. ఇది తన పెద్దకూతురు అఫీఫా కంటే చిన్నది. నిండా బుడగల చిల్లులు. రంపం తగిలితే మరమరాల ఉండలాగా పొడిపొడి అయ్యేది. నాలుగు రాళ్ళు పాడుచేసుకుని, అయిదోదానికి ముందుగా జిగురు తాగించి గట్టిపరచడం నేర్చుకున్నాడు.

తర్వాతి పదిహేనేళ్ళలో దీవి నుంచి ఎవరు ఏ రాయి తెచ్చినా ఆయన చెయ్యి దాటే పోయింది. "ఈసారి నిన్ను కూడా తీసుకెళ్తాం ఫకీర్" అని ప్రతి ఆఫీసరూ అనేవాడు. రెండువేల ఆరులో నిజంగానే తీసుకెళ్ళారు. పడవ దీవి దగ్గరికి చేరింది. విరిగిన గిన్నె అంచులాంటి పాత కొండ, దాని మధ్య నల్లటి కొత్త కొండ, పడమటి పక్క గిన్నె పగిలిన చోటి నుంచి సముద్రం దాకా జారిన లావా, అది నీళ్ళను తాకిన చోట లేస్తున్న ఆవిరి. అలలు మరీ ఎక్కువగా ఉన్నాయి, చిన్నపడవ దింపడం కుదరదన్నాడు కెప్టెన్. మూడు గంటలు చుట్టూ తిరిగి వెనక్కి వచ్చేశారు. ఆ మూడు గంటలూ ఫకీర్ కమ్మీ పట్టుకుని వాంతులు చేసుకుంటూనే ఉన్నాడు.

"చూసినవా?" అంది బానో, ఆయన ఇంటికి రాగానే.

"చూసిన. కడుపుల ఉన్నదంతా ఆడ్నే పెట్టొచ్చిన."

ఆయనకు నోటిదురుసు పుట్టుకతో వచ్చింది కాదు. దాని వెనక ఒక మెమో ఉంది. తొంభై ఎనిమిదిలో ఒక ఆఫీసరు తెచ్చిన సంచుల్లో రెండు రాళ్ళు తారుమారైనట్టు ఫకీర్‌కు మైక్రోస్కోపులో కనిపించింది. వెళ్ళి చెప్పాడు. "నువ్వు కోయడానికున్నావు, చూడ్డానికి కాదు" అన్నాడా ఆఫీసరు. ఫకీర్ నోరు మూసుకున్నాడు. రిపోర్టు అచ్చయింది. రెండేళ్ళ తర్వాత ఇంకో బృందం అదే చోటికి వెళ్ళి చూస్తే ఆ రాయి అక్కడ లేదు. విచారణలో అదే ఆఫీసరు, "కోసేచోట కలిసిపోయి ఉంటాయి" అన్నాడు. మెమో ఫకీర్ పేరు మీద వచ్చింది. సుబ్బరాజు గారు అప్పటికి బదిలీ మీద వెళ్ళిపోయాడు, అడిగేవాళ్ళు లేరు. ఆ రోజు నుంచి ఫకీర్ కంటపడ్డ తప్పును గట్టిగా చెప్పకుండా వదల్లేదు. వినకపోతే ఇంకా గట్టిగా చెప్పాడు. ఆఫీసులో ఆయనకు "రేడియో" అని పేరు పడింది.

రిటైరయ్యాక ఆయన ఇంటి వెనక గదిలో రంపం పెట్టుకున్నాడు. సుబ్బరాజు గారు పోయాక వాళ్ళ అమ్మాయి నాన్న మైక్రోస్కోపును తెచ్చి ఆయనకే ఇచ్చింది. ఇప్పుడు రీసెర్చి చేసే పిల్లలు నేరుగా ఇంటికే వస్తున్నారు. ఆయన పరేషాన్లన్నీ అక్కడే మొదలు. కరెంటు పోతుంది. నల్లా నీళ్ళు ఆగిపోతాయి. నునుపు పొడి డబ్బా ఎంత దాచినా బానో పట్టుకుపోయి మాడిన గిన్నెలు తోముతుంది. వీటన్నిటినీ ఎట్లాగో ఓర్చుకుంటాడు గానీ, రాయి మీద నంబరు వేయకుండా సంచి మీద వేసుకొచ్చే వాళ్ళను మాత్రం ఆయన క్షమించడు.

నీహారిక సరిగ్గా అట్లాగే వచ్చింది.

పద్మారావు నగర్ అమ్మాయి. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. అంతకుముందు డిసెంబరులో బ్యారెన్ దీవిలో దిగి గంటన్నర సేపు రాళ్ళు ఏరుకొచ్చింది. ఆ మాట వినగానే ఫకీర్‌కు సంతోషమూ కడుపుమంటా రెండూ కలిగాయి. తనను మూడు గంటలు చుట్టూ తిప్పి వెనక్కి పంపిన దీవి ఈ పిల్లను మాత్రం దిగనిచ్చింది.

ఆమె స్కూటీ ముందు పెట్టుకుని తెచ్చిన అట్టపెట్టెలో పద్దెనిమిది గుడ్డసంచులున్నాయి. సంచుల మీద నంబర్లు. ఉప్పునీళ్ళకు సగం చెరిగిపోయాయి.

"ఏందమ్మా గిది?" అన్నాడు ఫకీర్ ఒక సంచి ఎత్తిపట్టి. "ఇది ఆరా, ఎనిమిదా?"

"ఆరు అంకుల్. అనుకుంటా."

"అనుకుంటవా? అంత దూరం సముద్రం దాటి పోయినవు, మండుతున్న కొండ మీదికెళ్ళి రాయి తెచ్చినవు, నంబరు కాడికొచ్చేసరికి అనుకుంటవా?"

"బోటు వాళ్ళు తొందరపెట్టారు అంకుల్. రాళ్ళు తడిగా ఉండి మార్కర్ పడలేదు. అందుకే సంచుల మీద..."

"పెయింట్ తీస్కపోవాలె బిడ్డా. చిన్న డబ్బా, ఒక అగ్గిపుల్ల. తడి రాయి మీద సుత పడతది. నలభై ఏండ్ల సంది చెప్తున్న, ఒక్కరు వినరు."

బానో చాయ్ తెచ్చి నీహారిక చేతికిచ్చి, "తిట్టేది అయిపోతే పని మంచిగనే చేస్తడమ్మా" అంది.

పని మొదలైంది. రెండోరోజు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. చేసేది నీహారిక గైడు, ప్రొఫెసర్ రామ్మోహనరావు. ఆయనకు పదకొండో నంబరు రాయి మీదే ధ్యాసంతా. ఆ రాయిని కొంత పొడిచేసి పరీక్షకు పంపితే అందులో టైటానియం మిగతా దీవి రాళ్ళకంటే రెండింతలకు పైగా వచ్చిందట. అంటే దీవి కింద ఇన్నాళ్ళూ ఎవరూ ఊహించని వేరే మూలం నుంచి కూడా లావా వస్తోందని ఆయన సిద్ధాంతం. సదస్సుకు వ్యాసం సారాంశం పంపేశాడు కూడా. ఇక మైక్రోస్కోపు ఫొటోలు కావాలి.

"ఏవయ్యా ఫకీర్, పదకొండు అయిందా?"

"కాలే సార్. జిగురు ఎండాలె."

మర్నాడు పొద్దున్నే మళ్ళీ. "ఎండిందా?"

"మీరు ఫోన్ చేస్తే ఎండదు సార్. ఎండకు ఎండుతది."

పదకొండో రాయిని రంపం మీద పెట్టినప్పుడే ఫకీర్‌కు చేతికి తేడా తెలిసింది. మిగతావి కరకరలాడుతూ రంపానికి లొంగిపోయాయి. ఇది బరువుగా, నిదానంగా, ఇష్టంలేనట్టు తెగింది. బుడగల చిల్లులు దీనిలోనూ ఉన్నాయి గానీ ఖాళీగా లేవు. తెల్లటి పదార్థంతో పూడుకుపోయాయి. ఆ తెలుపు అంచున సన్నగా ఆకుపచ్చ పొర.

అరగదీసి, మైక్రోస్కోపు కింద పెట్టి, కన్ను ఆనించి, ఫకీర్ చాలాసేపు కదల్లేదు. తర్వాత గరగర ఆగిన ఇంట్లోంచి ఎంత పెద్ద అరుపు వచ్చిందంటే, కింద కుట్టుమిషన్ దుకాణం వాళ్ళు బయటికొచ్చి పైకి చూశారు.

"బానో! నా ఫోన్ ఏడ వెట్టినవ్?"

నీహారిక గంటలో వచ్చింది. ఫకీర్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ముందు ఏడో నంబరు పలక చూపించాడు. దీవి రాయి. మెరిసే ఆలివిన్ స్ఫటికాలు, పొరలు పొరలుగా పెరిగిన ఫెల్స్‌పార్, మధ్య మధ్య శుభ్రంగా ఖాళీగా ఉన్న బుడగలు. తర్వాత పదకొండు పెట్టాడు.

"ఏం కనబడుతుంది?"

"బుడగల్లో ఏదో నిండింది అంకుల్. ఉప్పు కదా? బీచ్ మీది రాయి అది."

"ఉప్పా?" ఫకీర్ మిగిలిన రాయిముక్క ఆమె చేతిలో పెట్టాడు. "నాకు."

"అంకుల్?"

"నాకమ్మా! ఉప్పైతే నాలుక చెప్తది. నువ్వు చదివిన మెషీన్లన్నిటికంటే ముందుగాల చెప్తది."

నీహారిక తెల్లటి మచ్చ మీద నాలుక ఆనించింది. మొహం అయోమయంగా పెట్టింది. చప్పగా ఉంది.

ఫకీర్ స్నానాలగదిలోంచి యాసిడ్ సీసా తెచ్చి, పుల్లతో ఒక్క చుక్క ఆ తెలుపు మీద వేశాడు. చుక్క సుర్రుమని నురగలు కక్కింది.

"సున్నం రాయి జాతి," అన్నాడు. "బుడగలల్ల నీళ్ళు దిగి, సుక్క సుక్క పేరుకొని గిట్ల నిండాలంటే ఎన్ని ఏండ్లు గావాలె? నిన్న మొన్న పుట్టిన లావాల ఇదెట్ల వస్తది? ఈ ఆకుపచ్చ అంచు చూడు. దీన్ని నేను వికారాబాద్ దిక్కు నల్లరాళ్ళల్ల ముప్పై ఏండ్ల సంది చూస్తున్న. ఇది దక్కన్ రాయి బిడ్డా. ఆరు కోట్ల ఏండ్లు దాటిన ముసల్ది. దీవిది కాదు."

నీహారిక మొహం పాలిపోయింది. తర్వాత మెల్లగా చెప్పింది. జనవరిలో పదకొండో సంచి అడుగు చిరిగిపోయింది. రాయి బల్ల మీద పడింది. ఆ బల్ల మీదే ఎమ్మెస్సీ విద్యార్థులు ప్రాక్టికల్స్‌లో చూసే దక్కన్ నల్లరాళ్ళ పళ్ళెం ఉంది. హడావిడిలో తనే ఒక రాయి తీసి కొత్త సంచిలో వేసింది.

"సార్‌కు చెప్తే చంపేస్తారు అంకుల్. సారాంశం పంపేశారు. ఇంకెవరికీ కనిపించదేమో..."

"నాకు కనబడ్డది గదా!" ఫకీర్ గొంతు మళ్ళీ లేచింది. తర్వాత ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి తగ్గించాడు. "చూడు బిడ్డా. నేనొకపారి గిట్లనే నోరు మూసుకున్న. వాళ్ళ తప్పు నా మెడకు చుట్టుకున్నది. ఇయ్యాల నువ్వు చెప్పకపోతే, రేపు ఇంకొకడు ఆ దీవికి పోయి ఎతుకుతడు. దొరకదు. అప్పుడు మీ సార్ నిన్నే చూపిస్తడు. ఫోన్ కలుపు."

ఆమె కలిపింది. రెండు ముక్కలు చెప్పిందో లేదో అవతలి గొంతు గదంతా వినిపించింది. ఫకీర్ చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు.

"ఫకీర్, నువ్వు రాయి కొయ్యి, చాలు," అన్నాడు రామ్మోహనరావు. "అదేం రాయో చెప్పాల్సింది నేను. ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నానయ్యా."

"చెప్పున్రి సార్, నేనెప్పుడన్న వద్దన్ననా? చూసి చెప్పున్రి అంటున్న. మీరు ఇంకా దాని మొహం సుత చూడలే."

"రేపు పలక పంపించు."

"పంపను. దాని మీద పదకొండు అని రాయను. మీరు చెప్పినా రాయను. కావాలంటే నా ఇంటికొచ్చి చూస్కోండ్రి."

ఫోన్ పెట్టేశాక ఫకీర్‌కు పాత మెమో గుర్తొచ్చింది. రిటైరైన మనిషిని ఎవరూ మెమో ఇచ్చి ఏమీ చేయలేరని ఆయనకు తెలుసు. అయినా భయం పోలేదు. "ఎందుకు నీకు ఊరోళ్ళ తక్లీఫ్ అంతా?" అంది బానో. ఆయన వెళ్ళి రంపానికి నీళ్ళు పోశాడు.

నీహారిక మర్నాడు డిపార్ట్‌మెంటుకు వెళ్ళి, ప్రాక్టికల్స్ పళ్ళెంలోని పదమూడు రాళ్ళనూ బల్ల మీద వరసగా పెట్టి ఒక్కొక్కదాన్నే నాకింది. లోపలికొచ్చిన ఎమ్మెస్సీ పిల్లలు గుమ్మంలోనే ఆగిపోయారు. తొమ్మిదో రాయి ఉప్పగా తగిలింది. బీచ్ మీద ఏరిన అసలు పదకొండు అదే. ఆ సెమిస్టరంతా నలభై మంది విద్యార్థులు దాన్ని దక్కన్ రాయి అనుకుని బొమ్మ గీసి, మార్కులు కూడా తెచ్చుకున్నారు.

ఆమె దాన్ని ఈసారి గుడ్డలో చుట్టుకుని, ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కార్ఖానాకు తెచ్చింది. స్కూటీ మీద తేవడానికి ధైర్యం చాలలేదట. ఫకీర్ రెండురోజుల్లో కోసి పలక చేశాడు. ఏడో నంబరుకు సొంత చెల్లెలిలా ఉంది.

మూడోరోజు పది గంటలకు రామ్మోహనరావు తానే మెట్లెక్కి వచ్చాడు. మోకాళ్ళ నొప్పి మనిషి. పైకి చేరేసరికి ఆయాసమూ కోపమూ ఏది ఏదో తెలియకుండా కలిసిపోయాయి. కూర్చోమంటే కూర్చోలేదు. "ఏదీ?" అన్నాడు.

ఫకీర్ మూడు పలకలూ వరసగా పెట్టాడు. ప్రొఫెసర్ నిలబడే వంగి చూశాడు. తర్వాత కుర్చీ లాక్కున్నాడు. పాత పదకొండు దగ్గర పది నిమిషాలు కదలకుండా ఉండిపోయాడు. మైక్రోస్కోపు పళ్ళెం మాత్రం తిప్పుతూనే ఉన్నాడు. నీహారిక గోడకు ఆనుకుని గోళ్ళు కొరుక్కుంటోంది.

చివరికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"బీఎస్సీ పిల్లవాడు కూడా చెప్పగలడు దీన్ని," అన్నాడు నెమ్మదిగా. "నేను అంకెలు చూశాను. రాయిని చూడలేదు." కళ్ళజోడు పెట్టుకుని, "చక్కెర లేకుండా చాయ్ దొరుకుతుందా?" అని అడిగాడు.

క్షమించమని ఆయన అనలేదు. ఫకీర్ ఎదురుచూడనూ లేదు. చాయ్ తాగి, ఫోన్ తీసి, సదస్సు వాళ్ళకు వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని అక్కడే కూర్చుని రాశాడు. నీహారికను ఒక్కమాట అనలేదు. లేచి వెళ్ళబోతూ మాత్రం, "మిగతా పదిహేడూ కూడా ఒకసారి చూసిపెట్టు ఫకీర్," అన్నాడు. "నీ కళ్ళతో."

"చూసిన సార్. ఆరు, ఎనిమిది అటిటు అయినయి."

నీహారిక తల పట్టుకుంది.

ఏడాది తిరిగాక నీహారిక మొదటి వ్యాసం అచ్చయింది. కొత్త సిద్ధాంతం ఏమీ లేదు అందులో. తొంభై ఒకటి లావాకూ తర్వాతి లావాలకూ స్ఫటికాల్లో తేడాలు ఓపికగా పోల్చి చెప్పింది, అంతే. కృతజ్ఞతల్లో ఫకీర్ పేరుంది. "ఫకీరప్ప, హెల్పర్" అని అచ్చయింది. ఆ రోజు కార్ఖానాలో గరగర పూర్తిగా బందయింది. నీహారిక పత్రిక వాళ్ళకు నాలుగు ఉత్తరాలు రాసి సవరణ వేయించింది. "ఫకీర్ అహ్మద్: రాతి పలకల తయారీ, నమూనాల గుర్తింపు." ఆ రెండో మాట ఎవరు చేర్పించారని అడిగితే, "సార్ చేర్చమన్నారు" అంది.

ఆ వానాకాలం నుంచి రామ్మోహనరావు ఇంకో పని అంటగట్టాడు. నెలకొక శనివారం డిపార్ట్‌మెంటుకు వచ్చి పిల్లలకు రాయి కోయడం చూపించాలి. ఫకీర్ వారంరోజులు సణిగాడు. తన చేతులకు చదువు చెప్పడం రాదన్నాడు, బస్సులు దొరకవన్నాడు, ఆ పిల్లలు మాట వినరన్నాడు. శనివారం తెల్లారగానే మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు.

సాయంత్రం ఐదింటికి తిరిగొచ్చి, చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టాడు. "ఇరవై రెండు మంది! ఒక్కనికి రాయి పట్టుకునుడు రాదు. ఒగడు గ్లాసు పగలగొట్టిండు. ఒక పోరి రాయిని సబ్బు అరగదీసినట్టు అరగదీసింది. ఉత్తగ మాయం చేసింది. మళ్ళ అడుగుతది, సార్, నా రాయి ఏదీ అని!"

బానో టిఫిను డబ్బా మూత తీసింది. పెట్టినది పెట్టినట్టే ఉంది.

"పొద్దటి సంది ఏం తినలే?"

"తినెటందుకు టైమ్ ఇచ్చిన్రా? మూడు గంటలు అనుకుంటే ఆరు గంటలు పట్టుకున్నరు. ఒకని తర్వాత ఒకడు, సార్ ఇది చూడున్రి, సార్ అది చూడున్రి..."

ఆమె అన్నం వేడిచేయడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఫకీర్ ఆమె వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడి, సబ్బులా రాయి అరగదీసిన పిల్ల సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.